చేతికందిన డబ్బు: సియాయా పల్లెల్లో

కిసుము ఊరు దాటి బుసియా వైపు వెళ్లే రోడ్డెక్కాక కాసేపు ఎడమ పక్కన విక్టోరియా సరస్సు మెరుస్తూ కనిపిస్తుంది. ఇక్కడి లువో ప్రజలు దాన్ని నామ్ లోల్వె అంటారు. తర్వాత దారి మెల్లగా ఎత్తెక్కుతుంది. మసేనో దగ్గర భూమధ్యరేఖ దాటుతాం. అయినా ఉక్కపోత ఉండదు. సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు కాబట్టి పొద్దుటి గాలి చల్లగా ముఖానికి తగులుతుంది. ఎర్రమట్టి, ఆ మట్టిలో మొక్కజొన్న, సాళ్ల మధ్య చిక్కుడు, గట్ల మీద అరటి, అక్కడక్కడా కర్రపెండలం. మతాతు అని పిలిచే వ్యానులో మోకాళ్లు ముడుచుకుని కూర్చుని కిటికీలోంచి చూస్తుంటే, మనుషులు వేరు, భాష వేరు అన్న మాటే గానీ, చిన్న కమతాల మీద బతికే బతుకు ఎక్కడైనా ఒకేలా ఉంటుందనిపించింది.

నేను వెళ్తున్నది సియాయా కౌంటీ పల్లెలకు. కెన్యా పశ్చిమ కొసన, ఉగాండా సరిహద్దుకు దగ్గరలో ఉన్న ప్రాంతం. అమెరికా అధ్యక్షుడిగా చేసిన బరాక్ ఒబామా తండ్రి సొంతూరు కొగెలో ఈ కౌంటీలోనే ఉంది. నేను మాత్రం ఆ ఊరు చూడటానికి రాలేదు. పేద కుటుంబాల చేతికి ఏ షరతూ లేకుండా నేరుగా డబ్బిస్తే ఏమవుతుందో ఇంత లోతుగా, ఇన్నేళ్లపాటు పరిశీలించిన ప్రాంతాలు ప్రపంచంలో చాలా తక్కువ. అలాంటి వాటిలో సియాయా ఒకటి.

మనకు నగదు సాయం కొత్త మాట కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీకు పొద్దున్నే ముసలివాళ్లు పింఛను కోసం గుమ్మంలో కూర్చుంటారు. తెలంగాణలో 2018 మే నెలలో రైతుబంధు మొదలైంది. ఆ డబ్బు మీద ఊరి అరుగుల మీదా, టీవీ చర్చల్లోనూ ఒకటే మాట తిరుగుతుంటుంది. ఊరికే ఇస్తే సోమరులవుతారని, తాగి తగలేస్తారని. ఆ మాట నిజమా కాదా అన్నది ఊహ మీద తేల్చే సంగతి కాదు. డబ్బు అందుకున్న ఇళ్లకు వెళ్లి, ఆ ఇంటివాళ్లను అడిగి తెలుసుకోవాల్సిన సంగతి. అందుకే బయల్దేరాను.

ఉగుంజాలో దిగేసరికి ఒక రిటైర్డ్ బడిపంతులు నా కోసం నిలబడి ఉన్నారు. నాకు దారి చూపించి, లువో మాటలు ఇంగ్లిషులో చెప్పింది ఆయనే. మన అలవాటు ప్రకారం ఆయన్ని మాస్టారూ అని పిలిచాను. చెరొక బోడాబోడా, అంటే అద్దె మోటారు సైకిలు, ఎక్కి మట్టి బాట పట్టాం.

పల్లెలోకి అడుగుపెట్టగానే మాస్టారు నన్ను కప్పులు చూడమన్నారు. కొన్ని ఇళ్ల మీద గడ్డి, కొన్నింటి మీద రేకు. గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ 2014లో ఇక్కడ పెద్ద ఎత్తున డబ్బు పంచడం మొదలుపెట్టినప్పుడు అర్హతకు పెట్టుకున్న గుర్తు అదే. గడ్డి కప్పు ఇల్లయితే పేద కుటుంబం. అలాంటి కుటుంబానికి 87,000 కెన్యా షిల్లింగులు, అప్పటి లెక్కన దాదాపు 1,000 డాలర్లు, మూడు విడతలుగా ఇచ్చారు. ఆ ఇళ్ల ఏడాది ఖర్చులో ఇది సుమారు ముప్పాతిక వంతు. తిరిగి కట్టక్కర్లేదు. ఫలానా దానికే ఖర్చు పెట్టాలన్న నిబంధన లేదు. 653 పల్లెల్లో సాగిన ఈ అధ్యయనంలో 10,500కు పైగా కుటుంబాలు డబ్బు అందుకున్నాయి.

మేం మొదట వెళ్లిన ఇంట్లో యాభై దాటిన ఆవిడ వాకిట్లో మొక్కజొన్న గింజలు ఎండబోస్తోంది. భర్త పోయి చాలా కాలమైంది. నలుగురు పిల్లలు. కూర్చోమని పీట వేసి, తనూ కూర్చుంది. డబ్బు పడ్డప్పుడు మొదట ఏం చేశారని అడిగాను.

“మొదటి విడత చిన్నది. దాంతో తిండిగింజలు కొన్నాను, బడి బాకీ కట్టాను. తర్వాత పెద్ద డబ్బు పడింది. అప్పుడు కప్పు వేయించాను” అంది.

కప్పే ఎందుకని అడగబోయి ఆగాను. ఆవిడే చెప్పింది. గడ్డి కప్పు రెండు మూడేళ్లకోసారి మార్చాలి. కొయ్యడానికి గడ్డి దొరకదు, కొనాలి, కప్పేవాళ్లకు కూలివ్వాలి. వానాకాలంలో రాత్రుళ్లు పిల్లల్ని ఈ మూల నుంచి ఆ మూలకు జరుపుతూ కూర్చోవాలి. “ఇప్పుడు వాన పడితే నిద్రపోతున్నాం” అంది. ఆ మాటకు నాకు వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. పూరింట్లో పెరిగిన తెలుగువాళ్లెవరికైనా ఆ రాత్రులు గుర్తే.

రేకు అంచున గొట్టం బిగించి, కింద ప్లాస్టిక్ ట్యాంకు పెట్టుకుంది. వాన నీరు అందులోకి పడుతుంది. పెద్దకూతురు పొద్దున్నే వాగుకు వెళ్లి నీళ్లు మోసుకురావడం వానాకాలంలో తప్పింది. మిగిలిన దాంతో ఒక ఆవు కొన్నది. ఆ ఆవు ఇప్పటికి రెండు ఈతలు ఈనింది. ఇదే కౌంటీలోని రరియెడాలో 2011, 2012 సంవత్సరాల్లో జరిగిన మొదటి అధ్యయనంలో కూడా ఇలాంటి సంగతులే తేలాయి. రేకుల కప్పులు, పశువులు, కడుపు నిండా తిండి పెరిగాయి. తాగుడు మీద, పొగాకు మీద ఖర్చు పెరగలేదు. ఇళ్లలో ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకోవడం తగ్గింది, అది కూడా డబ్బు భర్త పేరున పడ్డా, భార్య పేరున పడ్డా. చేతిలో పైసా లేని ఇంట్లో ఎన్ని గొడవలు ఆ లేమిలోంచే పుడతాయో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇంత డబ్బు నడిమి చేతులు తినేయకుండా ఎలా చేరింది? దారిలో పచ్చరంగు వేసిన చిన్న బడ్డీలే దానికి జవాబు. 2007లో మొదలైన ఎం-పెసా అనే ఫోను డబ్బు సేవ ఇక్కడ మారుమూల ఊరికి కూడా పాకింది. డబ్బు ఫోనుకు వస్తుంది, బడ్డీ దగ్గరికి వెళ్లి నోట్లు తీసుకుంటారు. గివ్‌డైరెక్ట్‌లీని స్థాపించిన వారిలో ఒకరైన ఆర్థికవేత్త పాల్ నీహౌస్‌కు మన నేలతోనూ సంబంధం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించినప్పుడు ఏం మారిందో కార్తీక్ మురళీధరన్, సందీప్ సుఖ్‌తంకర్‌లతో కలిసి పరిశీలించినది ఆయనే. చెల్లింపులు త్వరగా అందాయని, దారిమళ్లింపు తగ్గిందని వాళ్లు తేల్చారు. సియాయా బడ్డీ ముందు నిలబడి మా జిల్లాల కూలీలను తలుచుకున్నాను. డబ్బు మంజూరు కావడం ఒకటి, చేతికి రావడం ఒకటి అని తెలిసినవాళ్లు ఇక్కడా అక్కడా ఉన్నారు.

పక్కింటివాళ్లది మొదటినుంచీ రేకుల ఇల్లే. కాబట్టి వాళ్లకేమీ రాలేదు. ఆ ఇంటాయన తాపీపని చేస్తాడు. బాధపడ్డారా అని అడిగితే దాచుకోలేదు. “పడ్డాను. ఒక రేకు అడ్డం వచ్చి నేను పేదవాణ్ణి కాకుండా పోయాను” అన్నాడు. కాసేపాగి, “కానీ ఆ ఏడాది నాకు చేతినిండా పని. గోడలు మెత్తమనేవాళ్లు, నేల గట్టిచేయమనేవాళ్లు. అంత కూలీ నేనెప్పుడూ చూడలేదు” అన్నాడు.

ఈ మనిషి చెప్పిన రెండు మాటలూ అధ్యయనాల్లో ఉన్నాయి. ఒకే ఊళ్లో కొందరికిచ్చి కొందరికివ్వకపోతే, రానివాళ్ల మనసు నొచ్చుకుంటుందని, బతుకు మీద వాళ్ల తృప్తి తగ్గుతుందని రరియెడాలో కనిపించింది. మరోవైపు 653 పల్లెల లెక్కలో, బయటినుంచి వచ్చిన ఒక్కో డాలరు ఆ చుట్టుపక్కల దాదాపు 2.5 డాలర్ల కార్యకలాపాన్ని పుట్టించింది. సాయం అందని కుటుంబాల ఖర్చు కూడా పెరిగింది. అంత డబ్బు వచ్చిపడితే ధరలు మండిపోతాయని అందరూ భయపడ్డారు. సగటున ధరలు పెరిగింది 0.1 శాతమే.

అదెలా సాధ్యమని నాకూ అనుమానం ఉండేది. సంతలో పిండిమర దగ్గర నిలబడ్డాక అర్థమైంది. మర ఉంది, నడిపే మనిషి ఉన్నాడు, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్లు కొద్దిమందే. వడ్రంగి కొట్టు ముందు రంపం ఊరికే పడి ఉంది. బోడాబోడా కుర్రాళ్లు చెట్టుకింద బేరం కోసం చూస్తున్నారు. పేద ఊళ్లో పనిచేసే చేతులకు కొదవ లేదు, పని చెప్పే డబ్బుకే కొదవ. డబ్బు వచ్చినప్పుడు అదే మర ఇంకో నాలుగు గంటలు తిరుగుతుంది. కొత్త మర పెట్టక్కర్లేదు, రేటు పెంచక్కర్లేదు. పేదవాడికిచ్చిన రూపాయి ఆవిరైపోతుందనే పెద్దమనుషులు ఆ మరాడించే మనిషితో ఒక పూట మాట్లాడాలి.

సాయంత్రం మాస్టారింట్లో ఉగాలి అనే మొక్కజొన్న ముద్ద, ఆకుకూర, ఒమెనా అనే చిన్న చేపల పులుసు. చపాతీలు కూడా వేశారు. 1901లో కిసుము దాకా వచ్చిన రైలు మార్గం వేసిన భారతీయ కూలీల, ఆ వెంటే వచ్చిన వ్యాపారుల జాడ ఇక్కడి వంటింట్లో ఇంకా ఉంది. తింటూ మాట్లాడుతుంటే మొక్కజొన్న ధర మీదికి వెళ్లింది కబురు. పంట జూలై, ఆగస్టుల్లో చేతికొస్తుంది. అప్పుడు ధర పడిపోయి ఉంటుంది. అయినా బడి ఫీజు కోసం, అప్పు కోసం అప్పుడే అమ్మేస్తారు. మళ్లీ ఏప్రిల్, మే నెలలకు ఇంట్లో గింజలు నిండుకుంటాయి. తాము అమ్మిన మొక్కజొన్ననే ఎక్కువ ధర పెట్టి కొనుక్కుంటారు.

ఇది విన్నప్పుడు నాకు గుంటూరు మిర్చి రైతు, వరంగల్ పత్తి రైతు కళ్లముందు నిలబడ్డారు. కల్లంలోనే కాటా వేయించి అప్పులవాడికి అప్పజెప్పే రైతుకు ధర పెరుగుతుందని తెలియక కాదు. ఆగలేక. పశ్చిమ కెన్యాలో పంట సమయంలో రైతులకు చిన్న అప్పు అందుబాటులోకి తెచ్చి చూసిన పరిశోధకులకు, వాళ్లు గింజలు దాచి, ధర వచ్చాక అమ్మి లాభపడటం కనిపించింది. రైతుకు కొరవడింది తెలివి కాదు, వ్యవధి.

ఈ ప్రయాణంలో నాకు దొరికిన అసలు సంగతి ఇదే. పేదరికమంటే ఆగలేకపోవడం. ధర కోసం ఆగలేం, జ్వరం తగ్గేదాకా ఆగలేం, మంచి కూలి దొరికేదాకా ఆగలేం. చేతికందిన డబ్బు మొట్టమొదట కొనిపెట్టేది ఆగే వీలునే. ఆ మాటకు అన్నింటికన్నా బలమైన రుజువు ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో దొరికింది.

అక్కడి నర్సు తలుపు దగ్గర బల్ల మీద పసిబిడ్డల్ని తూస్తోంది. క్యూలో తల్లులు. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతమిది, పసికందుల చావులూ ఎక్కువే. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పును 2013లో ఉచితం చేశారు. మరి డబ్బు వల్ల ఏం మారుతుందని అడిగాను. నర్సు చేతిలో పని ఆపకుండానే చెప్పింది:

“కాన్పు ఉచితమే. రాత్రిపూట ఇక్కడికి తెచ్చే బండి ఉచితం కాదు. ఇంట్లో మిగతా పిల్లలకు తిండి ఉచితం కాదు. నెలలు నిండిన మనిషి పారపట్టి పొలంలో వంగుతూ ఉంటుంది. పురుడు పోసుకున్న రెండో వారానికే మళ్లీ వెళ్తుంది. ఆ పని మానితే ఆ రోజు తిండి లేదు.”

2014 నుంచి డబ్బు పంచిన పల్లెల్లో పసిబిడ్డల బతుకులు ఏమయ్యాయో ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ మిగెల్, మైఖేల్ వాకర్, వారి సహచరులు 2025లో లెక్కతేల్చి ప్రకటించారు. ఏడాది లోపు బిడ్డల మరణాలు 48 శాతం తగ్గాయి. ఆ లెక్క చదివినప్పుడు నేను కాగితం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. టీకా కాదు, కొత్త మందు కాదు, తల్లి చేతిలో డబ్బు. అది కాన్పు సమయానికి అందిన ఇళ్లలోనే ఈ మేలు ఎక్కువ. ఆస్పత్రిలో కాన్పులు పెరిగాయి. తల్లులు బాగా తిన్నారు. కాన్పుకు ముందు ఆఖరి నెలల్లోనూ, తర్వాతి మొదటి నెలల్లోనూ వాళ్లు చేసే పని దాదాపు సగానికి తగ్గింది. మామూలు రోజుల్లో పనిమీద మాత్రం ఆ తగ్గుదల లేదు.

డబ్బిస్తే పనిమానేస్తారన్న ఆరోపణకు ఇంతకన్నా మంచి జవాబేముంటుంది? అవును, మానేశారు. నిండు గర్భిణులు మట్టి తవ్వడం మానేశారు, పచ్చి బాలింతలు బరువులు మోయడం మానేశారు. మన ఇళ్లలో పుట్టింటికి తీసుకెళ్లి, పని ముట్టుకోనివ్వకుండా కూర్చోబెట్టే ఆ కొద్దినెలల విశ్రాంతి పేద తల్లికి కూడా దక్కింది. ఆ దక్కడం వల్ల బిడ్డలు బతికారు.

అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది. డాక్టర్లున్న ఆస్పత్రికి దగ్గరగా ఉన్న ఊళ్లలోనే ఎక్కువమంది బిడ్డలు దక్కారు. దూరపు ఊళ్లలో అంత మేలు లేదు. నర్సు కూడా అదే చెప్పింది. “డబ్బుతో బండి ఎక్కగలరు. ఎక్కి ఎక్కడికి వెళ్లాలి?” ఒక కుటుంబం తన చేతి డబ్బుతో రోడ్డు వేయలేదు, డాక్టరును నియమించలేదు. అది ప్రభుత్వం చేయాల్సిన పని. నగదు సాయాన్ని ఆ పని ఎగ్గొట్టడానికి సాకుగా వాడుకుంటే, ఇచ్చిన డబ్బు కూడా సగం వ్యర్థమే.

నమ్మకం కూడా డబ్బుతో పాటే రావాలి. సియాయాకు దక్షిణాన, సరస్సు ఒడ్డున ఉన్న హోమా బే కౌంటీలో 2015 ప్రాంతంలో ఇదే సంస్థ డబ్బు ఇస్తామని వెళ్తే సగానికి కాస్త తక్కువ కుటుంబాలు వద్దన్నాయి. ఊరికే ఎవరిస్తారు, ఇందులో ఏదో క్షుద్రశక్తి ఉందని పుకార్లు లేచాయి. మాస్టారు ఆ సంగతి చెప్పి, “మా దగ్గరికి వచ్చినవాళ్లంతా ఇదివరకు ఏదో ఒకటి అడిగినవాళ్లే. ఓటో, సంతకమో” అన్నారు. అడగకుండా ఇచ్చేవాడిని పేదవాడు అనుమానించాడంటే, ఆ తప్పు పేదవాడిది కాదు.

మర్నాడు మామిడిచెట్టు కింద ఆడవాళ్ల చామా కూటం చూశాను. అందరూ తలాకొంత వేస్తారు, వంతులవారీగా ఒకరు మొత్తం తీసుకుంటారు. మన ఊళ్లలో చీటీలు వేసుకునే ఏ అమ్మకైనా ఈ లెక్క క్షణంలో అర్థమవుతుంది. సియాయా, బొమెట్ కౌంటీల్లోని 295 పల్లెల్లో ఇంకో పెద్ద ప్రయోగం నడుస్తోంది. కొన్ని పల్లెల్లో పెద్దవాళ్లందరికీ నెలకు 22.50 డాలర్ల చొప్పున 12 ఏళ్లపాటు, కొన్నింటిలో అదే సొమ్ము రెండేళ్లపాటు, మరికొన్నింటిలో దాదాపు ఆ రెండేళ్ల మొత్తం ఒక్కసారిగా ఇచ్చారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీతో పాటు తవ్‌నీత్ సూరి, నీహౌస్ తదితరులు 2023లో ఫలితాలు చెప్పారు. మొత్తం మీద పని తగ్గలేదు. కూలి నుంచి సొంత పనికి, చిన్న దుకాణాలకు మళ్లినవాళ్లున్నారు. ఒక్కసారిగా తీసుకున్నవాళ్లు, 12 ఏళ్ల మాట దొరికినవాళ్లు వ్యాపారాల్లో ముందుకెళ్లారు. రెండేళ్లతో ఆగిపోతుందని తెలిసినవాళ్లు అంత సాహసం చేయలేదు. పన్నెండేళ్లు నెలనెలా వస్తుందని తెలిసినవాళ్లు చామాల్లో డబ్బు జమేసి, చిన్న మొత్తాలను పెద్ద పెట్టుబడిగా మార్చుకున్నారు. రేపు కూడా వస్తుందన్న భరోసాకే విలువ ఉందని దీనర్థం.

చెట్టుకింద కూటానికి దూరంగా ఒక ముసలావిడ కూర్చుంది. డెబ్బై దాటినవాళ్లకు కెన్యా ప్రభుత్వం ఇచ్చే ఇనువా జమీ సాయం ఆవిడకు వస్తుంది. నెలకు 2,000 షిల్లింగులు, మన డబ్బులో 1,300 రూపాయల ప్రాంతం. కొడుకూ కోడలూ పోయాక ఇద్దరు మనవళ్లను ఆవిడే సాకుతోంది. ఎప్పుడొస్తుందని అడిగితే ఆకాశం వైపు చూసింది. “వచ్చినప్పుడు మంచిది, బిడ్డా. రానప్పుడు కొట్టువాడి ముఖం చూడలేను” అంది.

ఆ మాట దగ్గర మన ఒకటో తారీకు విలువ నాకు సరిగ్గా తెలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2014లో 200 నుంచి 1,000 రూపాయలకు, 2019లో 2,000కు, 2024 జనవరిలో 3,000కు, అదే ఏడాది 4,000కు పెరిగింది. అందులో 60 నుంచి 79 ఏళ్ల వారికి కేంద్రం వాటా ఇప్పటికీ 200 రూపాయలే. పార్టీలు ఈ అంకెల మీద వాదించుకుంటాయి. కానీ ముసలమ్మ బతుకులో అంకెతో సమానమైనది తారీకు. ఒకటో తారీకున వస్తుందని తెలిసిన మనిషికి కిరాణా కొట్టువాడు ఇరవయ్యో తారీకున కూడా బియ్యం ఇస్తాడు. కోడలి ముందు చెయ్యి చాచక్కర్లేదు. మందులబిళ్ల సగం విరిచి మింగక్కర్లేదు.

తిరుగు దారిలో మన పథకాలను ఒక్కొక్కటిగా తలుచుకున్నాను. గర్భిణులకు కేంద్రం మాతృవందన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు ఇస్తుంది. తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్‌తో పాటు 12,000 రూపాయలు, ఆడపిల్ల పుడితే 13,000 ఇవ్వడం మొదలైంది. కూలి పోకుండా తల్లి విశ్రాంతి తీసుకోవాలన్నదే ఆ డబ్బు ఉద్దేశం. సియాయా చెప్పేది వింటే, ఆ డబ్బు తొమ్మిదో నెలకు ముందే ఆమె చేతిలో ఉండాలి. బిడ్డ పాకడం మొదలుపెట్టాక ఖాతాలో పడితే అది మంచి డబ్బే గానీ, బిడ్డను కాపాడాల్సిన వేళ దాటిపోయిన డబ్బు. రైతుబంధు పట్టాదారు పుస్తకం చూసి ఇచ్చారు. అదే పొలంలో దుక్కి దున్ని, ఎరువు అప్పు తెచ్చి, పంట పోతే పురుగుమందు వైపు చూసే కౌలు రైతుకు అందలేదు. రేకు అడ్డం వచ్చిన తాపీమేస్త్రీకి పని దొరికింది. పాసు పుస్తకం అడ్డం వచ్చిన మన కౌలు రైతుకు దొరికిందేమిటి?

పేద కుటుంబానికిచ్చే డబ్బు మీద మనం ఇన్నేళ్లుగా అడుగుతున్న ప్రశ్న “ఏం చేసుకుంటారు?” అన్నది. సియాయా పల్లెలు దానికి ఎప్పుడో జవాబు చెప్పేశాయి. కప్పు వేసుకుంటారు, గింజలు దాచుకుంటారు, బిడ్డల్ని బతికించుకుంటారు. ఇక ప్రశ్నలు ఇచ్చేవాళ్లను అడగాలి. అవసరమైన వేళకు ఇస్తున్నారా? చెప్పిన తారీకు తప్పకుండా ఇస్తున్నారా? గీత గీసి ఎవరిని బయట నిలబెట్టారు? ఆ డబ్బుతో బండెక్కిన తల్లికి దారి చివర ఆస్పత్రి, ఆస్పత్రిలో డాక్టరు ఉన్నారా? ఓటు అడగడానికి మన గుమ్మంలోకి వచ్చే ప్రతి ఒక్కరినీ ఈ నాలుగూ అడుగుదాం. జవాబు వచ్చేదాకా అడుగుదాం.